పెరటి ఆకుకూర అమ్ముకోవాలంటే: సియాటిల్, శాన్‌ఫ్రాన్సిస్కో, డెట్రాయిట్‌లలో ఏ ఊరి రూల్స్ మేలు?

అమెరికాలో పెరట్లో తోటకూర వేసుకుంటే ఎవరూ అడగరు. అదే కూర కట్టలు కట్టి గేటు దగ్గర బల్ల మీద పెట్టి డాలరు పుచ్చుకుంటే వ్యాపారం అవుతుంది. నివాసాలకే కేటాయించిన ప్రాంతంలో, అంటే ఇళ్ల జోన్‌లో, వ్యాపారం చాలా ఊళ్లలో కుదరదు. ఈ ముడిని సియాటిల్ 2010లో, శాన్‌ఫ్రాన్సిస్కో 2011లో, డెట్రాయిట్ 2013లో తలా ఒక రకంగా విప్పాయి.

ఉంటున్న ఇంటి పెరట్లోనే పండించి అమ్మాలనుకునేవాళ్లకు సియాటిల్ పద్ధతే మేలు. ఇంటికి అనుబంధంగా 4,000 చదరపు అడుగుల సాగు వరకు విడిగా భూవినియోగ పర్మిట్ అక్కర్లేదు. మన లెక్కలో అది తొమ్మిది సెంట్ల పైమాటే. అమ్మకం ఉదయం 7 నుంచి సాయంత్రం 7 లోపు జరగాలి. బోర్డు ఒక్కటే పెట్టాలి, అదీ 64 చదరపు అంగుళాలు దాటకూడదు. అంటే ఎనిమిదికి ఎనిమిది అంగుళాలు, కారులో పోయేవాడికి కనపడదు. అందుకే అక్కడ రోడ్డున పోయేవాళ్ల కంటే ముందే చెప్పి ఉంచిన ఇరుగుపొరుగు మీద ఆధారపడటమే నయం. ఎనిమిది కోళ్ల దాకా పెంచుకోవచ్చు, పుంజు మాత్రం కుదరదు.

ఇల్లు లేని ఖాళీ స్థలం చేతిలో ఉంటే లెక్క మారుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎకరంలోపు సాగును అన్ని జోన్లలోనూ ఒప్పుకుంటారు, పండించిన చోటే అమ్ముకోనిస్తారు. 2011కి ముందు ఇలాంటి చిన్న తోటకు కూడా ప్రత్యేక అనుమతి కావాల్సి వచ్చేది, దాని ఫీజే 3,000 డాలర్ల దాకా అయ్యేది. ఆకుకూరల మీద ఆ డబ్బు ఎన్నాళ్లకు రాబట్టాలో లెక్కేసుకోండి. ఇప్పుడున్న షరతులు చిన్నవే. కంపోస్టు కుప్ప హద్దుకు మూడడుగులు ఎడంగా ఉండాలి. ఇళ్ల జోన్‌లో పెద్ద యంత్రాలను నేల మొదటిసారి సిద్ధం చేసేటప్పుడే దింపాలి.

అసలు భూమే కొనుక్కోవాలంటే డెట్రాయిట్‌కు సాటి లేదు. సొంత ఇంటి పక్కన ల్యాండ్ బ్యాంక్ (ఊళ్లోని ఖాళీ స్థలాలను చూసుకునే ప్రభుత్వ సంస్థ) చేతిలో ఉన్న ఖాళీ స్థలాన్ని సైడ్ లాట్ పథకం కింద 100 డాలర్లకు ఇస్తారు. ఎకరం వరకు తోట, అది దాటితే ఫారమ్, దానికి సైట్ ప్లాన్ (స్థలంలో ఏది ఎక్కడ వస్తుందో చూపే పటం) పరిశీలన ఉంటుంది. చాలామంది చూసుకోనిది హద్దు రూలు: పంట అన్ని వైపులా హద్దుకు ఐదడుగులు లోపలికి ఉండాలి. 30 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు స్థలంలో చివరికి సాగుకు మిగిలేది 20 బై 90, అంటే 3,000లో 1,800 చదరపు అడుగులు. పక్కపక్కన రెండు స్థలాలుంటే వాటిని ఒకటిగా కలిపించుకోవడం మంచిది, నడిమి హద్దు దగ్గర పోయే పది అడుగులు దక్కుతాయి. కోళ్లకు 2024 చివరి దాకా చోటే లేదు. ఇప్పుడు లైసెన్సు తీసుకుంటే కోళ్లు, బాతులు కలిపి ఎనిమిది.

డెట్రాయిట్ నేలలో మరో చిక్కుంది. కూల్చిన పాత ఇళ్ల రంగులోని సీసం మట్టిలో కలిసిపోయి ఉంటుంది, 1978కి ముందు కట్టిన ఇళ్ల దగ్గర మూడు ఊళ్లలోనూ ఈ భయం ఉంది. వాన చినుకులకు మట్టి చిందేది ఆకుకూరల మీదికే కాబట్టి, ముందు మట్టి పరీక్ష చేయించాలి. సీసం 200 పీపీఎం (పది లక్షల పాళ్లలో 200 పాళ్లు) దాటితే ఎత్తు మడులే దారి. నాలుగు బై ఎనిమిది అడుగుల మడి అడుగు ఎత్తున నింపాలంటే 32 ఘనపుటడుగుల మట్టి కావాలి, ఒక క్యూబిక్ యార్డు (27 ఘనపుటడుగులు) కొంటే కాస్త చాలదు.

ఇక గోంగూర సంగతి. రూల్స్ బాగున్న ఊళ్లో అది బాగా రాదు. శాన్‌ఫ్రాన్సిస్కో వేసవి పొగమంచులో పగలు 20 డిగ్రీలు దాటడమే కష్టం, సియాటిల్ రాత్రులు చల్లన. అక్కడ మెంతికూర, పాలకూర, కొత్తిమీర నమ్ముకోవాలి. డెట్రాయిట్‌లో మే మధ్య దాకా మంచు భయం ఉన్నా, జూలై ఎండకు గోంగూర ఏపుగా వస్తుంది.

పచ్చడి చేసి అమ్మితే ఎక్కువ మిగులుతుందనే ఆశ మాత్రం మూడు చోట్లా ఒకలాగే దెబ్బతింటుంది. ఇంటి వంటగది అమ్మకాలకు ఆయా రాష్ట్రాల చట్టాలు ఊరగాయలను ఒప్పుకోవు. పచ్చడి నూనెలో మునిగిన వెల్లుల్లికి గాలి తగలదు, పులుపు చాలకపోతే అందులో బోట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషం పుట్టే ప్రమాదం ఉంది. లైసెన్సున్న కిచెన్ అద్దెకు తీసుకుని పట్టినా, శాన్‌ఫ్రాన్సిస్కో ఇళ్ల జోన్‌లో ఆ సీసాను తోట దగ్గర అమ్మనివ్వరు. కాలనీకి హోం ఓనర్స్ అసోసియేషన్ ఉంటే దాని ఒప్పందం కూడా చదవాలి, సిటీ ఒప్పుకున్నా అది గేటు దగ్గరి బల్లను తీయించగలదు.