అరబ్ బులెటినా, నాజీ నివేదికలా: అధికారికి ఏది మేలు?

యుద్ధం నడుస్తుండగా ప్రభుత్వ పెద్దల కోసమే వెలువడిన రెండు రహస్య పత్రాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి మొదటి ప్రపంచ యుద్ధంలో కైరో నుంచి బ్రిటిష్ వారు నడిపిన అరబ్ బులెటిన్. రెండోది రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల నిఘా శాఖ ఎస్‌డీ తయారుచేసిన ‘మెల్డుంగెన్ ఆస్ డెమ్ రైష్’, అంటే దేశంలోని జనం మనసు మీద నివేదికలు.

మక్కాను ఏలుతున్న అరబ్బు నాయకుడు షరీఫ్ హుసేన్ తన పై పాలకులైన తుర్కుల మీద తిరగబడిన 1916 జూన్‌లోనే బులెటిన్ మొదలైంది. తొలి సంచిక సంపాదకుడు ఆ తిరుగుబాటులో అరబ్బులతో కలిసి పనిచేసిన బ్రిటిష్ అధికారి టి.ఇ. లారెన్స్. పురావస్తు పండితుడు హోగార్త్, అరబ్బు తెగల గుట్టు తెలిసిన గెర్‌ట్రూడ్ బెల్ అందులో రాశారు. అందుకే అది గుమాస్తా రాతలా ఉండదు. 1917 ఆగస్టులో అచ్చయిన లారెన్స్ 27 సూత్రాలే చూడండి. అన్నీ మీ చేతులతో చేయబోకండి, మీరు చక్కగా చేసేదానికంటే అరబ్బులు ఓ మాదిరిగా చేసుకోవడమే మేలని తోటి అధికారులకు చెప్పాడు. వాళ్లతో కలిసి ఎడారిలో తిరిగినవాడే అలా రాయగలడు.

లోపమూ అక్కడే ఉంది. తిరుగుబాటును భుజాన మోసినవాళ్లే దాని గురించి రాశారు. ఇక్కడి ముస్లింలు ఏమనుకుంటారోనని భారతదేశంలోని బ్రిటిష్ ప్రభుత్వం ఆ తిరుగుబాటును మొదటి నుంచీ శంకించింది. దాన్ని తూచి చూడవలసిన అధికారికి అందింది ఒక పక్షం వాదన.

నాజీ నివేదికలు ఈ విషయంలో మెరుగు. 1942లో ఆహార కోత ప్రకటించగానే జనం ఎంత కుంగిపోయారో, సినిమాకు ముందు వేసే ప్రభుత్వ వార్తాచిత్రం అయిపోయేదాకా సినిమా హాలు బయటే ఎలా నిలబడుతున్నారో దాచకుండా రాశాయి. కానీ ఆ మాటలు భయం రాజ్యమేలుతున్న చోట పొంచి విన్నవి. పైగా నిజం నాజీ ప్రచార మంత్రి గోబెల్స్‌కు గిట్టలేదు. 1943లో ఆ నివేదికలు అందుకునేవారిని కుదించారు, మరుసటి ఏడాదికి అవి ఆగిపోయాయి.

నన్నడిగితే బులెటినే మేలు. అందులోని అనేక వ్యాసాల కింద రచయిత పొడి అక్షరాలు ఉంటాయి. రాసింది లారెన్స్ అని తెలిస్తే, అతని మొగ్గు ఎటో తెలిసిన అధికారి అంత మేరకు తగ్గించి చదువుకోగలడు. చాటుగా విన్న అనామకుడి మాటకు ఆ వీలు లేదు. అయితే బులెటిన్ నడిపిన వారు తమతో విభేదించే ఢిల్లీ అధికారులకూ ప్రతి సంచికలో ఒక పేజీ ఇచ్చి ఉండవలసింది.