పసికందుకు షుగర్ పడిపోతే ఏది మేలు: ముర్రుపాలా, జెల్లా, గ్లూకోజా?

నెలలు నిండి, నాలుగు కిలోలతో బొద్దుగా పుట్టిన బిడ్డకు షుగర్ తక్కువంటే ఇంటిల్లిపాదీ నమ్మరు. చాలాసార్లు ఆ బొద్దుతనంలోనే జవాబుంటుంది. గర్భంతో ఉండగా తల్లికి మధుమేహం అదుపు తప్పితే, ఆమె రక్తంలోని అదనపు గ్లూకోజు మాయ దాటి బిడ్డకు చేరుతుంది. దాన్ని తట్టుకోవడానికి బిడ్డ ఒంట్లోనే షుగర్‌ను దించే ఇన్సులిన్ ఎక్కువగా తయారవుతుంది; బిడ్డ బొద్దుగా పెరిగేదీ దానివల్లే. బొడ్డు కోయగానే గ్లూకోజు రాక ఆగిపోతుంది, ఇన్సులిన్ జోరు మాత్రం వెంటనే తగ్గదు. తల్లి రక్తపోటుకు వాడిన లాబెటలాల్, కాన్పు సమయంలో ఆమెకు మరీ ఎక్కువగా ఎక్కించిన గ్లూకోజు కూడా బిడ్డ షుగర్‌ను దించవచ్చు. తల్లి రక్తపోటు వల్ల కడుపులో సరిగా ఎదగని బిడ్డది వేరే కథ: ఒంట్లో నిల్వలే ఉండవు.

ఇలాంటి బిడ్డలకు మడమ గుచ్చి పరీక్షిస్తారు. తక్కువని తేలినా బిడ్డ హుషారుగా ఉంటే నా ఓటు ముర్రుపాలకే. తల్లి ఎదకు ఆనించి, ఒళ్లు చల్లబడకుండా, మొదటి గంటలోనే పట్టించాలి. చీకలేకపోతే శుభ్రమైన ఉగ్గుగిన్నెలోకి పిండి పట్టవచ్చు. డబ్బాపాలూ షుగర్‌ను పెంచుతాయి, కాదనను. కానీ అవసరం లేకుండా అలవాటైతే తల్లిపాలు వెనకబడతాయి.

ఈ చిక్కును జెల్ తేలిక చేసింది. 40 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజుకే మరో పేరు) జెల్, కిలో బరువుకు అర మిల్లీలీటరు. మూడు కిలోల బిడ్డకు ఒకటిన్నర. బుగ్గ లోపలి తడిని గాజుగుడ్డతో అద్ది, అక్కడ మెల్లగా రుద్ది, వెంటనే పాలకు పెడతారు. న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, మందు లేని ఉత్తుత్తి జెల్ రాసిన బిడ్డల్లో 24 శాతం మందికి చికిత్స విఫలమైతే, అసలు జెల్ రాసినవారిలో అది 14 శాతమే. ఇది పాలకు తోడే, పాలకు బదులు కాదు.

మూర్ఛ, ఒళ్లు వాలిపోవడం, నీలిబారడం, ఊపిరి ఆగి ఆగి రావడం కనిపిస్తే ఇక బేరాలొద్దు. సూది ద్వారా గ్లూకోజు ఎక్కించాల్సిందే: 10 శాతం ద్రావణం కిలోకు రెండు మిల్లీలీటర్లు, ఆపై నిలకడగా డ్రిప్పు. పాలు పట్టాక కూడా అంకె పైకి రాకపోయినా దారి ఇదే.

పెద్దలు వేలితో నాకించే తేనె ఈ పోటీలోనే లేదు. అందులో ఉండగల బాట్యులిజం (కండరాలు చచ్చుబడే ప్రమాదకర జబ్బు) సూక్ష్మక్రిమి బీజాల భయంతో, ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దంటారు వైద్యులు.