హై రిజల్యూషన్ మానోమెట్రీ క్యాథెటర్: ఏళ్ల తరబడి వాడాక

ముక్కులోంచి అన్నవాహికలోకి దింపి, గుటక వేసినప్పుడు అక్కడి ఒత్తిళ్లు కొలిచే గొట్టం ఇది. తెర బాగుంది, సాఫ్ట్‌వేర్ బాగుంది. పేచీ అంతా కొసతోనే. 36 సెన్సార్ల ఈ గొట్టం ఎల్‌ఈఎస్ (అన్నవాహిక అడుగున, కడుపు ద్వారం దగ్గర బిగిసి ఉండే కండర వలయం) దాటలేకపోతే ఆగదు, చప్పుడు లేకుండా మడతపడి పైకి తిరుగుతుంది. అదీ అకలేషియా (గుటకకు ఎల్‌ఈఎస్ సరిగా సడలని జబ్బు), పెద్ద హయాటస్ హెర్నియా (కడుపు పైభాగం డయాఫ్రం దాటి ఛాతీలోకి జరగడం) ఉన్నవాళ్లలో. పరీక్ష అసలు అవసరమైనది వాళ్లకే కదా!

శ్వాసనాళంలోకి పోతే చాలామందిలో వెంటనే తెలిసిపోతుంది, పొలమారి దగ్గు ఆగదు. మడత అలా కాదు. ముక్కు దగ్గర సెంటీమీటర్ల గుర్తు చూసి టేపు అంటించేస్తే మోసపోతాం, లోపల ఎంత చుట్ట ఉందో ఆ గుర్తుకేం తెలుసు? ఒత్తిడిని రంగుల్లో చూపే తెరమీద మడత దాగదని కొత్తలో అందరికీ చెప్పేవాణ్ణి. గుటకతో అన్నవాహికలో పుట్టే ఒత్తిడి అల కిందికి దిగి, మడత దగ్గర తిరగబడి, సీతాకోకచిలుక రెక్కల్లా కనిపిస్తుంది, నిజమే. కానీ అలే లేని అకలేషియాలో ఆ రెక్కలెక్కడివి?

అక్కడ ఊపిరే దిక్కు. గట్టిగా గాలి పీల్చమంటే ఛాతీలోని సెన్సార్లలో ఒత్తిడి తగ్గాలి, కడుపులోని చివరి రెండు మూడింటిలో పెరగాలి. అడుగువాటితో సహా అన్నీ కలిసి తగ్గాయంటే కొస డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య కండరం) దాటలేదు. ఎల్‌ఈఎస్ దాటి హెర్నియా సంచిలో చుట్టుకుంటే ఎల్‌ఈఎస్ సడలింపు వరకు చదవొచ్చు. అసలు ఎల్‌ఈఎస్సే దాటకపోతే ఐఆర్‌పీ (గుటకప్పుడు ఎల్‌ఈఎస్ ఎంత సడలిందో చెప్పే ఒత్తిడి) అంకెకు విలువ లేదు. అది తక్కువగా ఉందని నమ్మి 'అబ్సెంట్ కాంట్రాక్టిలిటీ' (ఎల్‌ఈఎస్ సడలుతోంది, అల మాత్రం లేదు) అని రాసేస్తే అకలేషియా చేజారినట్టే.

మడత పడ్డాక ఇంకా తోస్తే చుట్ట పెరుగుతుంది, గొట్టం నలిగి సెన్సార్ పోతుంది. కొస అన్నవాహిక మధ్యకు వచ్చేదాకా వెనక్కి లాగాలి. పేషెంటును నిటారుగా కూర్చోబెట్టి, స్ట్రాతో నీళ్లు తాగిస్తూ, గుటక గుటకకీ కొంచెం కొంచెంగా దింపాలి. అన్నవాహిక, కడుపు కలిసే జంక్షన్ దగ్గర లోతుగా ఊపిరి పీల్చమంటే కొన్నిసార్లు జారుతుంది. అదీ కుదరకపోతే ఎండోస్కోపీతో వేయించడమే, మత్తిస్తే అది పూర్తిగా దిగాకే గుటకలు మొదలుపెట్టాలి.

పరీక్ష అయ్యాక గొట్టం తీసిన వెంటనే, ఇంకా వెచ్చగా ఉండగానే, గాలిలో పట్టుకుని రీడింగ్ తీసుకోవాలి. లేదంటే ఒంటి వేడికి సెన్సార్లలో పుట్టిన తేడా అంకెల్లో మిగిలిపోతుంది.

ఎండోస్కోపీ గది పక్కనే ఉంది కాబట్టి మాకు ఈ క్యాథెటర్‌తో నడుస్తోంది. స్కోప్ అందుబాటులో లేని చోట, అకలేషియా కేసులే ఎక్కువగా వస్తుంటే, కొనమని ధైర్యంగా చెప్పలేను.