బెరింగర్ హెచ్‌డీ400 హమ్ డబ్బా: థియేటర్‌లో దీని పని ఒక్క లీడ్ దగ్గరే

తెర వెనక నుంచి గుయ్యిమని మోత (హమ్) వస్తోందనగానే చాలామంది మొదట చేసే పని హమ్ తీసే డబ్బా ఆర్డర్ పెట్టడం. వాటిలో ఆన్‌లైన్‌లో సులువుగా దొరికేది బెరింగర్ హెచ్‌డీ400. రెండు చానెళ్లు, లోపల ట్రాన్స్‌ఫార్మర్లు, అటూ ఇటూ కాలంగుళం జాక్‌లు, కరెంటు అక్కర్లేదు. చెప్పిన పని చేస్తుంది, సందేహం లేదు. కాకపోతే అనంతపురంలో గానీ, గుంతకల్లు, తాడిపత్రిలో గానీ ఒక సింగిల్ స్క్రీన్‌లో దానికి సరైన చోటు ఒక్కటే: ల్యాప్‌టాప్‌నో డీటీహెచ్ బాక్స్‌నో సినిమా సౌండ్ ప్రాసెసర్ నాన్‌సింక్ ఇన్‌పుట్‌కి (సినిమా కాని సౌండ్ కోసం ఉండే దారి) కలిపే లీడ్, అంటే ఆడియో వైరు. అక్కడ అయిదుకి నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. ఇంకెక్కడ పెట్టినా డబ్బు దండగ. సబ్‌వూఫర్ లైన్లో పెడితే సౌండ్ కూడా చెడుతుంది.

అందుకే కొనేముందు మోత ఎక్కడ పుడుతోందో పట్టుకోవాలి. సినిమా నడిచే ఇన్‌పుట్‌లోనే ఉంచి ప్రాసెసర్‌ని మ్యూట్ చేయండి. మోత అలాగే ఉంటే దోషం ప్రాసెసర్ తర్వాత ఉంది: ఆంప్లిఫయర్లు, వాటికి వెళ్లే లీడ్లు, తెర వెనక వైరింగ్. మ్యూట్‌తో పాటు పోతే ప్రాసెసర్‌కి ముందు నుంచి వస్తోంది. ఈ ఒక్క బటన్‌తో సగం పని అయిపోతుంది.

మ్యూట్‌లోనూ మోగుతోందనుకుందాం. ఆ చానెల్ ఆంప్ ఆపి, ఇన్‌పుట్ కనెక్టర్ పీకి, దాని చోట 1, 2, 3 పిన్నులు మూడూ కలిపి సోల్డర్ చేసిన ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్ పెట్టి మళ్లీ ఆన్ చేయండి. ఆన్‌లో ఉండగా కనెక్టర్లు పీకొద్దు, ఆ దెబ్బకి పైన హారన్ డ్రైవర్ డయాఫ్రమ్ పోవచ్చు. ఇప్పుడు నిశ్శబ్దమైతే ఆంప్ మంచిదే, తప్పు లీడ్‌దో ఎర్త్‌దో. ఇంకా గుయ్యిమంటుంటే ఆంప్ పవర్ సప్లైలో ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయాయని మొదటి అనుమానం. మే నెల వేడిలో, గాలి ఆడని క్యాబిన్‌లో నడిచే ర్యాక్‌కి ఇది మామూలే. దీనికి మందు కెపాసిటర్లు మార్చడమే, ఏ డబ్బా తెచ్చినా లాభం లేదు. మోత ఒక్క చానెల్‌లోనే ఉండి, ఆంప్ ఇన్‌పుట్‌లు అటూ ఇటూ మార్చినా అదే స్పీకర్‌లో ఉండిపోతే తెర వెనకకి వెళ్లి చూడాలి. ఎలుకలు కొరికిన స్పీకర్ వైరు ఇనప ఫ్రేముకి తగులుతుంటే గరగర వస్తుంది, ఒక్కోసారి ఆంప్ ప్రొటెక్ట్‌లోకి పోతుంది, అంటే తనంతట తానే ఆగిపోతుంది.

మోత రకాన్ని చెవితోనే కొంత పోల్చుకోవచ్చు. లోతుగా, ఒకే తీరుగా ఉంటే 50 హెర్ట్జ్, అంటే ఎక్కువగా ఎర్త్ లూప్ (పరికరాలు రెండు దారుల్లో ఎర్త్‌కి కలిసి, ఆడియో లీడ్ గుండా కరెంటు చుట్టు తిరగడం). జుర్రుమని పదునుగా ఉంటే 100 హెర్ట్జ్, ఆ పైన దాని రెట్లు. అప్పుడు హాలు లైట్ల డిమ్మర్‌ని మెల్లగా పెంచి తగ్గించి చూడండి. మోత దానితో పాటు మారితే డిమ్మర్ వైరూ ఆడియో లీడూ ఒకే ట్రేలో పడుకున్నాయని అర్థం. ఒక అడుగు ఎడం చేయాలి. దాటక తప్పని చోట అడ్డంగా, లంబకోణంలో దాటించాలి. జెనాన్ ప్రొజెక్టర్లున్న చోట ల్యాంప్ వెలిగించినప్పుడే మోత మొదలైతే రెక్టిఫయర్ (ల్యాంప్‌కి డీసీ కరెంటు ఇచ్చే యూనిట్) వైపు చూడాలి.

ఇక ఎర్త్. ఆంప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే హమ్ పోతుందన్న చిట్కా ఇంకా బతికే ఉంది. హమ్ పోవచ్చు. రేపు ఆంప్ లోపల ఫేజ్ బాడీకి తగిలితే ర్యాక్ మొత్తం 230 వోల్టులతో కూర్చుంటుంది, ముట్టుకునేది ఆపరేటర్. ఆ పని చేసిన టెక్నీషియన్‌ని మళ్లీ పిలవకండి.

సౌండ్‌కి వేరే ఎర్త్ గొయ్యి తవ్వించడం రెండో అలవాటు. తవ్వించడంలో తప్పులేదు, దాన్ని బిల్డింగ్ మెయిన్ ఎర్త్‌తో కలపకుండా వదిలేయడమే తప్పు. ప్రొజెక్టర్ ఒక గొయ్యి మీద, ర్యాక్ ఇంకో గొయ్యి మీద ఉంటే రెండింటి మధ్య వోల్టేజ్ తేడా ఆడియో లీడ్ షీల్డ్ (లోపలి తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగు) మీదుగానే సర్దుకుంటుంది. హమ్ అక్కడే పుడుతుంది, పిడుగు పడితే ప్రాసెసర్ కూడా పోతుంది. రెండు గొయ్యిలనూ మందపాటి రాగి పట్టీతో మెయిన్ ఎర్త్ దగ్గర కలిపి, ప్రొజెక్టర్, సర్వర్, ర్యాక్ మూడింటికీ ఒకే డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి సప్లై ఇవ్వాలి. మన అనంతపురం నేలకి వానే తక్కువ, ఎండాకాలం గొయ్యిలో బొగ్గూ ఉప్పూ ఎండిపోతాయి. నీళ్లు పోయడం ప్రాణభద్రతకి తప్పనిసరి. దాంతో హమ్ పోతుందని మాత్రం ఆశపడొద్దు, లూప్ ఉండేది నేలలో కాదు, బిల్డింగ్ వైరింగ్‌లో. లోడ్ నడుస్తుండగా ర్యాక్ సాకెట్‌లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటర్ పెట్టండి. రెండు మూడు వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్ పని ఉంది. జనరేటర్ మీద నడిచేటప్పుడు ఇంకోసారి చూడండి. మోత అప్పుడే వస్తుంటే జనరేటర్ న్యూట్రల్‌ని ఎర్త్ చేశారా లేదా చూసుకోవాలి.

ప్రాసెసర్‌కీ ఆంప్‌కీ మధ్య కూడా డబ్బా అక్కర్లేదు. అక్కడ లైన్లు బ్యాలెన్స్‌డ్, అంటే సిగ్నల్ రెండు తీగల్లో వెళ్తుంది, బయటి మోత రెండింట్లో ఒకేలా పడి రద్దయిపోతుంది. పాత పరికరాల్లో షీల్డ్ కలిసే ఒకటో పిన్నుని చాసీకి కాకుండా లోపలి సర్క్యూట్ బోర్డుకి కలిపేవారు, షీల్డ్‌లో పారే కరెంటు అలా సౌండ్‌లోకి చొరబడేది. ఆడియో ఇంజినీర్ నీల్ మన్సీ 1995లో దీని గురించి రాసిన పేపర్ పేరుపొందింది, 2005లో దీని మీదే ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ వారి ఏఈఎస్48 ప్రమాణం వచ్చింది. అలాంటి ఆంప్ ఉంటే ఆంప్ వైపు మాత్రమే షీల్డ్ వైరు విడదీసి, ప్రాసెసర్ వైపు ఉంచితే సరిపోతుంది. ఖర్చు కాస్త సోల్డర్.

డబ్బా నిజంగా కావాల్సింది నాన్‌సింక్‌లో. లోకల్ యాడ్స్ ల్యాప్‌టాప్ నుంచి వేసినప్పుడు మోత వస్తే ముందు చార్జర్ పీకండి. బ్యాటరీ మీద పోతే లూప్ చార్జర్ గుండానే. క్రికెట్ మ్యాచ్ కోసం పెట్టిన డీటీహెచ్ బాక్స్ అయితే డిష్ నుంచి వచ్చే కేబుల్ విప్పి చూడండి. మోత పోతే దొంగ దొరికినట్టే. రెండు సందర్భాల్లోనూ హెచ్‌డీ400 పెట్టగానే తేడా తెలుస్తుంది.

కలపడంలో ఒక తిరకాసు ఉంది. ల్యాప్‌టాప్ 3.5 ఎంఎం స్టీరియో ప్లగ్గుని అడాప్టర్‌తో ఒక్క కాలంగుళం జాక్‌లోకి దూర్చితే డబ్బా దాన్ని బ్యాలెన్స్‌డ్ మోనో అనుకుంటుంది. రెండు చానెళ్లలో సమానంగా ఉన్న మాట మాయమై, పక్క సంగీతం మాత్రం పల్చగా వినిపిస్తుంది. 3.5 ఎంఎం స్టీరియో నుంచి రెండు మోనో కాలంగుళం ప్లగ్గులుగా చీలే లీడ్ కావాలి, బయటికి ప్రాసెసర్ ఇన్‌పుట్‌కి తగ్గట్టు ఇంకో జత. డబ్బాని ప్రాసెసర్ దగ్గరే పెట్టి, అక్కడి నుంచి లీడ్ మూడు అడుగులు మించకుండా చూడండి. ఆంప్ మీద మాత్రం పెట్టొద్దు. ఆంప్‌లోని పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుని డబ్బానే హమ్ చేస్తుంది. డబ్బాని తిప్పితే మోత మారుతోందంటే కారణం అదే.

మార్కు తగ్గించింది లో ఫ్రీక్వెన్సీకి. ఇంత చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు గట్టి లెవెల్‌లో బేస్‌ని మోయలేవు, కోర్ సాచురేట్ అయి వక్రీకరణ వస్తుంది. యాడ్స్‌కి, కామెంటరీకి అది చెవికి ఆనదు. ల్యాప్‌టాప్ వాల్యూమ్ కాస్త తగ్గించి, ప్రాసెసర్‌లో నాన్‌సింక్ లెవెల్ పెంచుకుంటే ఇంకా నయం. హాల్లో పాటల కార్యక్రమాలు పెట్టేవాళ్లు జెన్సెన్ కంపెనీ ఐసో-మ్యాక్స్ డబ్బాల స్థాయికి వెళ్లాలి, ధర చాలా రెట్లు ఎక్కువ, అయస్కాంత క్షేత్రాన్ని ఆపే మ్యూమెటల్ కవచం ఉంటుంది.

పేరులేని చవక డబ్బాలు కొనేటట్టయితే మీటర్ తీసుకెళ్లండి. ఇన్‌పుట్ స్లీవ్‌కీ (షీల్డ్ కలిసే ప్లగ్గు మొదలు భాగం) అవుట్‌పుట్ స్లీవ్‌కీ మధ్య బీప్ వస్తే షీల్డ్ నేరుగా కలిసి ఉంది, అది ఐసోలేటర్ కాదు. టిప్‌కీ (ప్లగ్గు కొన) టిప్‌కీ మధ్య కూడా బీప్ రాకూడదు. ఏ డబ్బా అయినా 48 వోల్టుల ఫాంటమ్ (మైక్‌కి ఆడియో లీడ్‌లోనే వెళ్లే కరెంటు) దాటనివ్వదు కాబట్టి కండెన్సర్ మైక్ లైన్‌లో పెట్టొద్దు.