నవజీవన్‌లో మోటేరాకి: కోల్డ్‌ప్లేని చూసొచ్చిన ముచ్చట

బెజవాడ నుంచి అహ్మదాబాద్ వెళ్ళాలంటే నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌ని మించిన దారి లేదు. మధ్యాహ్నం దాటాక ఎక్కితే మర్నాడు సాయంత్రానికి దించుతుంది, ఎక్కడా బండి మారక్కర్లేదు. హైదరాబాద్ వెళ్ళి విమానం ఎక్కిన స్నేహితులు ఆ వారాంతం చార్జీలు చెప్పాక మా త్రీటైర్ బెర్తులు ఇంకాస్త మెత్తగా అనిపించాయి. వన్‌టౌన్ వస్త్రలతలో కొట్టున్న పెద్దాయన ఒకరు మా ఎదుటి బెర్తులో చీరల సరుకు కోసం సూరత్ వెళ్తున్నారు. మేం కోల్డ్‌ప్లే అనే బ్రిటిష్ పాటల బృందం షో చూడటానికి వెళ్తున్నామని విని, "పాట ఫోన్లో వస్తుందిగా బాబూ, దానికింత దూరమా?" అన్నారు. మా బావమరిది నా వంక చూశాడు. సమాధానం చెప్పాలంటే బల్లార్షా దాకా పట్టేలా ఉందని ఊరుకున్నాను.

కోల్డ్‌ప్లే వాళ్ళ 'యెల్లో' పాట 2000లో వచ్చింది. కానూరులో ఇంజినీరింగ్ చదివే రోజుల్లో ఎవరో రాసిచ్చిన సీడీలో అది నా చేతికొచ్చింది, ఇక వదల్లేదు. 2016 నవంబర్ 19న వాళ్ళు ముంబయి బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో పాడినప్పుడు వెళ్దామనే అనుకున్నాను. అంతకు పదకొండు రోజుల ముందే పెద్ద నోట్లు రద్దయ్యాయి. ఊరంతా ఏటీఎంల ముందు నిలబడి ఉంటే పాటల కోసం ముంబయి పోతానని ఇంట్లో అనడానికి నోరు రాలేదు. ఈసారి ముంబయి షోలకి టికెట్లు పెట్టిన రోజున ఆన్‌లైన్ క్యూలో నా ముందు లక్షల మంది ఉన్నారు. నవంబర్లో అహ్మదాబాద్ టికెట్లు పెట్టారు, అవి దొరికాయి. 2025 జనవరి 26, నరేంద్ర మోదీ స్టేడియం, పై అంతస్తు.

స్టేడియం ఉన్న మోటేరా చుట్టుపక్కల గదులకి షోలున్న ఆ రెండు రోజులూ అడిగిన అద్దెతో మన గవర్నర్‌పేటలో నెల్లాళ్ళు ఉండొచ్చు. అందుకని కాలుపూర్ స్టేషన్ దగ్గర ఒక పాత లాడ్జిలో దిగాం. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళు పొద్దున మాత్రమే, కిటికీ తీస్తే హారన్ల మోత. అయినా మాకది సరిపోయింది. ఎందుకంటే కాలుపూర్‌లోనే మెట్రో ఎక్కి, ఓల్డ్ హైకోర్ట్ దగ్గర లైను మారితే మోటేరా స్టేడియం స్టేషన్లోనే దిగొచ్చు. ఇలాంటి ప్రయాణంలో గది మీద మిగల్చండి. స్టేడియం నుంచి తిరిగొచ్చే దారిని మాత్రం ముందే చూసుకోండి. కారు మాట్లాడుకున్న మా స్నేహితులు అది నిలిపిన చోటికి నడిచే లోపే మేం గదికొచ్చి పడుకున్నాం. ఆ రాత్రులు మెట్రోని అర్ధరాత్రి దాటేదాకా నడిపారు. తోసుకోవడం లేదు, పోలీసులు వరసల్లో వదిలారు. గుజరాత్‌లో మద్యనిషేధం కదా, లక్ష దాటిన జనంలో తూలేవాడు ఒక్కడు కూడా నాకు తగల్లేదు.

స్టేడియం లోపల తిండి గురించి ఎక్కువ చెప్పను. చల్లారిన సమోసాలకి పొడుగాటి వరస. తినే వెళ్ళండి. స్వెట్టరు కూడా తీసుకెళ్ళండి, జనవరిలో అక్కడి చలి మన బెజవాడ ఒంటికి అలవాటున్నది కాదు.

పై అంతస్తు నుంచి పాటలు పాడే క్రిస్ మార్టిన్ మొహం పెద్ద తెరమీదే కనపడుతుంది. గిటారు వాయించే జానీ బక్‌లాండ్ చేతులు చూడాలనుకున్న వాడికి అది నష్టమే. ధ్వని కూడా అక్కడ అక్షరాలా రెండుసార్లు వినిపించింది, గిటారు తీగలు కొన్నిచోట్ల జనం అరుపుల్లో కలిసిపోయాయి. విల్ చాంపియన్ డ్రమ్స్ మాత్రం గుండె మీదే వాయించినట్టు తగిలాయి. కానీ ఈ బృందాన్ని చూడాల్సింది పైనుంచేనని నా అభిప్రాయం. లోపలికి వెళ్ళేటప్పుడు ప్రతి ఒక్కరి చేతికీ ఒక లైటు పట్టీ ఇస్తారు. ఆ లైట్లని నడిపేది వాళ్ళే. 'యెల్లో' మొదలవగానే స్టేడియం మొత్తం పసుపైపోయింది. నేలమీద నిలబడ్డ వాళ్ళకి పక్కవాళ్ళ చేతులే కనపడి ఉంటాయి, మాకు గిన్నెలాంటి స్టేడియం మొత్తం కనపడింది. నేను పాడానో ఏడ్చానో మా బావమరిదిని అడగాలి, వాడు చెప్పడు.

'ఎ స్కై ఫుల్ ఆఫ్ స్టార్స్' మధ్యలో ఆపేసి ఫోన్లు లోపల పెట్టమని అడగడం వాళ్ళకి అలవాటు. ఇక్కడా అడిగారు, చాలామంది విన్నారు. నా ముందు వరస కుర్రాడు వినలేదు, ఆ పాట సగం వాడి ఫోన్ తెరమీదే చూశాను. క్రికెటర్ బుమ్రా వచ్చాడని తెలిసినప్పుడు లేచిన కేక ఏ పాటకీ లేవలేదు, క్రికెట్ స్టేడియం కదా మరి. గణతంత్ర దినం కాబట్టి 'వందేమాతరం' అందుకున్నప్పుడు జనం గొంతే ఎక్కువ వినిపించింది. ఆ రాత్రి షోని హాట్‌స్టార్‌లో ప్రత్యక్షంగా వేశారు. అయిపోయాక అమ్మ ఫోన్: "మొత్తం చూశాన్రా, నువ్వెక్కడా కనపళ్ళేదే!" లక్షమందిలో వెతికింది పాపం. బయటికొస్తూ పట్టీ తిరిగిచ్చేయాలి. నాకు మనసొప్పలేదు గానీ ఇచ్చేశాను.

మర్నాడు ఊరు చూశాం. మాణెక్ చౌక్ పగలు బంగారం కొట్ల బజారు, రాత్రయితే తిండి బజారు. దోసె మీద అంత చీజ్ ఎందుకేస్తారో నాకు అంతుపట్టలేదు, ఐస్‌క్రీం మాత్రం బాగుంది. గుజరాతీ తాలీలో వడ్డన ధారాళం, పప్పులో తీపి కూడా అంతే ధారాళం. బావమరిది రెండో ముద్దకే గోంగూర సీసా తీశాడు, వడ్డించే అబ్బాయి కూడా కాస్త రుచి చూసి నవ్వాడు. సబర్మతి ఒడ్డున నడకదారి చక్కగా ఉంది, చెత్త లేదు. అయితే అందులో పారేది నర్మద కాలువ నీళ్ళు, రెండు వైపులా కాంక్రీటు. ప్రకాశం బ్యారేజి మీద సాయంత్రపు గాలికి అలవాటుపడ్డ నాకు అది నదిలా అనిపించలేదు. కాకపోతే మన ఘాట్లు కూడా అంత శుభ్రంగా ఉంటే బాగుండునని కడుపుమంట మాత్రం కలిగింది. గాంధీగారి ఆశ్రమం ఆ ఒడ్డునే ఉంది, టికెట్ లేదు. పొద్దున్నే వెళ్ళండి, కాస్త ఆలస్యమైతే బడి పిల్లల బస్సులు దిగుతాయి.