బస్సుల పటానికి క్యూజిస్ మేలా, పైథాన్ మేలా?

పర్లాకిమిడి నుంచి పాతపట్నం, బరంపురం నుంచి ఇచ్ఛాపురం. ఇలా ఒడిశా-ఆంధ్ర సరిహద్దు దాటే బస్సులను పటంలో చూపాలనుకునేవారికి ముందుగా వచ్చే సందేహం ఇది. క్యూజిస్ (QGIS) పటాలు గీసే సాఫ్ట్‌వేర్, పైథాన్ ప్రోగ్రాములు రాసే భాష. రెండూ ఉచితమే, ఖర్చయ్యేది మన సమయం.

నేర్చుకోవడం: క్యూజిస్‌లో ఒక్క సాయంత్రంలో స్టాపులు తెర మీదికి వస్తాయి. పైథాన్‌లో పటాల సమాచారంతో పనిచేసే జియోపాండాస్ అనే లైబ్రరీ చేతికి అలవాటు కావాలంటే వారాలు పడుతుంది.

తప్పులు: ఇక్కడ నా మొగ్గు క్యూజిస్ వైపే. పర్లాకిమిడి అక్షాంశం సుమారు 18.8, రేఖాంశం 84.1. పట్టికలో ఇవి తారుమారైతే స్టాపు ఉత్తర ధ్రువం దగ్గరి సముద్రంలో పడుతుంది. క్యూజిస్‌లో అది వెంటనే కంటపడుతుంది. పైథాన్‌లో మీరు పటం గీసి చూసేదాకా బయటపడకపోవచ్చు.

పేర్లు: బరంపురం, బ్రహ్మపూర్, బెర్హంపూర్. ఊరు ఒకటే, కానీ పేరుతో పట్టికలు కలిపితే ఏ సాధనమైనా మూడు ఊళ్లనుకుంటుంది. బస్సుల స్టాపులు, వేళలు రాసిపెట్టే ప్రామాణిక పద్ధతి జీటీఎఫ్‌ఎస్ (GTFS)లోలాగా ప్రతి స్టాపుకూ ఒక గుర్తింపు సంఖ్య ఇవ్వండి.

వేళలు: రాత్రి బయలుదేరి ఒంటిగంటన్నరకు చేరే బస్సు వేళను జీటీఎఫ్‌ఎస్‌లో 24 గంటలకు మరో గంటన్నర కలిపి 25:30:00 అని రాస్తారు. ఇలాంటివి సరిచూసి, గంటకు ఎన్ని బస్సులో లెక్కగట్టడంలో పైథాన్‌దే పైచేయి. టైంటేబుల్ మారితే అదే ప్రోగ్రాంను మళ్లీ నడిపితే సరిపోతుంది.

గోడమీది టైంటేబుల్ చూసి యాభై స్టాపుల పటం ఒక్కసారి గీయాలనుకునే ఉపాధ్యాయుడికి క్యూజిస్ చాలు. ఏ ఊరికి బస్సులు తగ్గిపోతున్నాయో నెలనెలా గమనించి అధికారుల ముందు పెట్టాలనుకునేవారు పైథాన్ నేర్చుకోవాల్సిందే.