చేతితో టిగ్ వెల్డింగా, రోబోనా: ఏది ముందు నేర్వాలి?

ఒడిశాలోని సునాబెడలో 1964 నుంచి యుద్ధవిమానాల ఇంజన్ల కర్మాగారం ఉంది. కోరాపుట్, జయపురం వైపు తెలుగు ఇళ్లలో ఐటీఐ ముగించిన కుర్రవాడు ఉంటే ఈ ప్రశ్న తప్పదు. ఈసారి మా మేనల్లుడే అడిగాడు: "మామయ్యా, టిగ్ వెల్డింగ్‌లో చేయి తిప్పుకోవాలా, విశాఖ వెళ్లి వెల్డింగ్ రోబో ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలా?" టిగ్ అంటే ఒక చేత్తో టంగ్‌స్టన్ మొన ఉన్న టార్చితో లోహాన్ని కరిగిస్తూ, రెండో చేత్తో రాడ్డు అందించే వెల్డింగ్.

రోబో గొప్పలు నిజమే. ఒకే వేగం, ఒకే కోణం, భోజనం తరువాత కూడా బద్ధకించని చేయి. ఏ అతుకుకు ఎంత కరెంటు ఇచ్చిందో రాసి పెట్టుకుంటుంది. విమాన భాగాల పనిలో ఆ లెక్క లేకపోతే ముక్కను తీసుకోరు.

కానీ నా దృష్టిలో తేల్చేది సందు. రెండు అంచుల మధ్య సందు కాస్త పెరిగితే వెల్డర్ టార్చిని సర్దుకుని, రాడ్డు ఒక చుక్క ఎక్కువ ఇస్తాడు. సెన్సర్ లేని రోబో నేర్పిన గీత మీదే వెళ్లి, రేకుకు చిల్లు పెట్టి, ఏమీ ఎరగనట్టు ముందుకు సాగిపోతుంది. లేజర్ కన్నుతో అతుకును వెతుక్కునేవీ ఉన్నాయి. అయినా అంచులు సరిగా కోసి, ముక్కలను కదలకుండా పట్టి ఉంచే ఫిక్స్చర్‌లో బిగించే పని వాటికీ తప్పదు. వరసగా ఒకే ముక్క వందలుగా చేసేచోట రోబోకు తిరుగులేదు. మరమ్మతుకు వచ్చిన ఇంజన్ భాగాలు మాత్రం వేడికి ఒక్కొక్కటి ఒక్కో తీరుగా వంగి ఉంటాయి.

నేను నేర్చుకునే రోజుల్లో టైటానియం మీద ఒక అతుకు వేశాను. పైన వెండిలా మెరిసింది. తిప్పి చూస్తే బూడిద రంగు. గాలి తగలకుండా వెనక వైపు ఆర్గాన్ గ్యాసు పెట్టడం మరిచాను. వేడి టైటానియం గాలిని పీల్చుకుని పెళుసెక్కుతుంది. గురువుగారు ఒక్క మాట అనకుండా దాన్ని వైస్‌లో బిగించి సుత్తితో కొట్టారు. వంగలేదు, చిటుక్కున విరిగింది. రోబోకు గ్యాసు తగ్గినా ఇంతే, ఆ రంగు చదివే మనిషి పక్కన ఉండాలి.

ఇక వేరే పద్ధతులూ ఉన్నాయి. ఎలక్ట్రాన్ల పుంజంతో లోహాన్ని కరిగించే ఎలక్ట్రాన్ బీమ్ వెల్డింగ్ శూన్యపు గదిలో జరుగుతుంది. 1991లో బ్రిటన్‌లో పుట్టిన ఫ్రిక్షన్ స్టిర్ పద్ధతి గిర్రున తిరిగే పనిముట్టు రాపిడితో లోహాన్ని కరిగించకుండానే కలుపుతుంది, రాకెట్ల అల్యూమినియం ట్యాంకులకు బాగా పనికొస్తుంది. రెండూ పెద్ద యంత్రాలు, మన ఊళ్లో నేర్చుకునేవి కావు.

మేనల్లుడు ఇప్పుడు మా షెడ్డులో రెండు మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ రేకు మీద అతుకులు వేస్తున్నాడు. రోబో కోర్సు ఫీజు ఇంకా మా బావగారి దగ్గరే ఉంది.